మెత్తని పాపాయి బడికెళ్ళే వేళ

ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయేంత మెత్తగా పుట్టిన మీ పాప, ఆలస్యంగానైనా నడిచింది. "హమ్మయ్య, గండం గడిచింది!" అనుకున్నారు కదూ? అసలు ఓపిక కావలసింది ఇప్పుడే.

కండరాల్లో బిగువు తక్కువగా ఉండటం జబ్బు కాదు, ఒక లక్షణం. కారణం థైరాయిడ్ లోపం కావచ్చు, డౌన్ సిండ్రోమ్ కావచ్చు, కండరాల జబ్బు కావచ్చు. కొందరిలో ఏ కారణమూ దొరకదు. ముందు ముందు ఎదుగుదల చాలావరకు ఆ కారణాన్ని బట్టే ఉంటుంది కాబట్టి పరీక్షలు వాయిదా వేయకండి.

బడిలో చేరాక ఇలాంటి పిల్లలు త్వరగా అలిసిపోతారు. బల్లమీద వాలిపోతారు. గుండీలు పెట్టుకోలేక అవస్థ పడతారు. నాలుగు లైన్లు రాయగానే చెయ్యి నొప్పంటారు. అది బద్ధకం కాదు, తిట్టకండి! టీచరుకీ ముందే చెప్పి ఉంచండి.

ఫిజియోథెరపిస్టుని అడిగి, మీ వంటింట్లోనే కొంత వ్యాయామం చేయించొచ్చు. చపాతీ పిండి పిసకనివ్వండి, బఠాణీలు వలవనివ్వండి, తడిగుడ్డ పిండనివ్వండి. అలిసిపోతే ఆపేయండి.

వచ్చిన పని మళ్ళీ చేయలేకపోతుంటే మాత్రం వెంటనే డాక్టరుకి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకి పరీక్షలు, చికిత్స ఉచితం.

పక్కింటి పిల్లతో పోల్చకండి. పోయిన నెలలో మీ పాప ఎలా ఉందో, దాంతో పోల్చి చూడండి.