మట్టి పొట్టేలు మోసిన మనిషి

పోయినవాళ్ళు మట్టిలో కలిసిపోతారు. మరి ఆ మట్టినే పొట్టేలుగా మలిచి, అందులో అయినవాళ్ళ అస్థికలు దాచుకుంటే? రెండు వేల ఏళ్ళకు ముందు మన నేల మీద జరిగిన ముచ్చటే ఇది!

ముదినేపల్లి కావచ్చు, గుడివాడ కావచ్చు, అవనిగడ్డ కావచ్చు... దహనం చేసే ఇళ్ళల్లో మనిషి పోతే కొత్త కుండ రావాల్సిందే. ఓ కుండలో నిప్పు ముందు నడుస్తుంది. నీళ్ళ కుండ కర్మ చేసేవారి భుజానికెక్కుతుంది. చితి చుట్టూ మూడు చుట్లు, చుట్టుకో చిల్లు. ఆఖరికి వెనక్కి తిరిగి చూడకుండా వదిలేస్తే భళ్ళున పగులుతుంది. ఆ చప్పుడుతో రుణం తీరిందంటారు పెద్దలు. స్టీలు గిన్నెలొచ్చి కుండను వంటింట్లోంచి గెంటేశాయి గానీ, శ్మశానం దగ్గర దాని చోటు దానిదే.

చావుకీ మట్టికీ ఈ చుట్టరికం నిన్న మొన్నటిది కాదు.

కొమ్ములు తిరిగిన పేటిక

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్తే అక్కడో వింత పొట్టేలు కనిపిస్తుంది. ముందు వంపు తిరిగిన కొమ్ములతో తల, వెనక తొట్టిలాంటి పొడవాటి ఒళ్ళు, కింద పొట్టి పొట్టి కాళ్ళ వరుసలు. బొమ్మ అనుకుంటే పొరపాటే. అది కాల్చిన మట్టితో చేసిన శవపేటిక! దొరికింది మన కడప సీమలోని శంఖవరంలో.

దాన్ని చేసినవాళ్ళది ఇనుము వాడకం నేర్చిన కాలం. చరిత్రకారులు బృహత్ శిలాయుగం అంటారు. పోయినవారి ఎముకల్ని ఏరి, పేటికలో పెట్టి, పక్కన నలుపు-ఎరుపు కుండలూ, ఇనుప పనిముట్లూ ఉంచేవారు. కొన్నిచోట్ల పైన పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా పేర్చేవారు. అంత బరువు మనుషులు మోయగలరా అన్న అబ్బురంతో కాబోలు, తర్వాతి తరాల జనం వాటిని 'రాక్షస గుళ్ళు' అన్నారు.

మరి పొట్టేలే ఎందుకు? మందలే ఆస్తిగా బతికిన మనుషులా? ఆవలి ఒడ్డుకు మోసుకెళ్ళే వాహనమా? చెప్పడానికి దాని మీద ఒక్క అక్షరం లేదు.

ఆ దొర దారిలో...

ఇలాంటి మట్టి పేటికల్ని మొదట్లో వెలుగులోకి తెచ్చినవారిలో అలెగ్జాండర్ రే ఒకరు. 1880లలో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకు మట్టి శవపేటిక దొరికింది. ఆ రే దొరే తర్వాత మన డెల్టాకూ వచ్చాడు. గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు దిబ్బల్ని పరిశీలించి 1894లో పుస్తకం అచ్చువేశాడు. 1892లో భట్టిప్రోలు స్తూపంలో ఆయనకు ధాతు పేటికలు దొరికాయి. వాటి మీద అక్షరాలున్నాయి, దానమిచ్చినవారి పేర్లున్నాయి. శంఖవరం పొట్టేలుకు ఆ భాగ్యం లేదు. చేసిన చేతులెవరివో, అందులో ఒదిగినదెవరో తెలియదు.

సముద్రాల అవతలా అంతే!

మెక్సికోలోని వహాకా లోయలో జపోటెక్ ప్రజలుండేవారు. క్రీస్తుకు సుమారు 500 ఏళ్ళ ముందు మోంటే అల్బాన్ కొండ మీద నగరం కట్టుకున్నారు. వాళ్ళూ సమాధుల్లో మట్టి శిల్పాలు పెట్టారు. కాళ్ళు మడిచి కూర్చున్న మనిషి, తలపై పెద్ద కిరీటం, వెనక ఓ గొట్టం లాంటి పాత్ర. కొన్నింటి ముఖంలో వానదేవుడు కోసిహో పోలికలుంటాయి. అస్థికల పాత్రలని పేరొచ్చింది గానీ, చాలావాటిలో అస్థికలే లేవు! వంశంలో పెద్దల్ని తలుచుకోవడానికి పెట్టిన రూపాలై ఉండొచ్చని కొందరు పరిశోధకుల మాట. మనవాళ్ళు మట్టిలో మనిషిని దాచితే, వాళ్ళు మనిషికి మట్టిని తోడిచ్చారన్నమాట.

1931లో అల్ఫాన్సో కాసో అక్కడ పద్ధతిగా తవ్వకాలు మొదలుపెట్టాడు. ఏ శిల్పం ఏ గదిలో, ఏ దిక్కున ఉందో రాసిపెట్టాడు. అంతకుముందు దొంగచాటుగా తవ్వి అమ్మినవాటికి ఆ లెక్క లేదు. గిరాకీ చూసి నకిలీలూ తయారయ్యాయి. మట్టి ఎప్పుడు కాలిందో చెప్పే పరీక్షలు వచ్చాక, పేరున్న మ్యూజియాల్లోనూ నకిలీలు బయటపడ్డాయి.

నీటి కింద, నాగలి కింద

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నల్గొండ వైపు ఏలేశ్వరం మునిగిపోయింది. నీళ్ళొచ్చేలోగా అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో అక్కడ హడావుడిగా తవ్వకాలు చేశారు. బృహత్ శిలాయుగపు సమాధులూ బయటపడ్డాయి. సాగర్ వదిలిన నీరే ప్రకాశం బ్యారేజీకి చేరి డెల్టా కాల్వల్లో పారుతుంది. ముదినేపల్లి పొలం తడిసిన నీటికి ఆ సమాధుల జ్ఞాపకం కూడా ఉందన్నమాట!

ఏలేశ్వరానికి కనీసం నాలుగు రోజుల గడువు దొరికింది. పొలం చదును చేసే ట్రాక్టరూ, కంకర తవ్వే యంత్రమూ అంత వ్యవధి ఇవ్వవు. రాయి కదిలితే మళ్ళీ నిలబెట్టొచ్చు. కాల్చిన మట్టి పేటిక పగిలితే పెంకుల కుప్పే. ముక్కలు అతికించినా, పక్కన ఏ కుండ ఉంది, ఎముకలు ఎలా పేర్చారు అన్న కథ మళ్ళీ రాదు.

అందుకే పునాదికో, చెరువు పూడికకో తవ్వుతుంటే మందపాటి పెంకులూ, తొట్టి అంచులూ కనిపిస్తే గునపం ఆపండి. ఉన్నది ఉన్నట్టే ఉంచి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో కబురు పెట్టండి.

శ్మశానంలో కుండను మనం కావాలనే పగలగొడతాం, బంధం తెంచుకోవడానికి. ఆ పొట్టేలును చేసినవాళ్ళు మాత్రం బంధం తెగకూడదనే చేసి ఉంటారు. దాన్ని మన చేత్తో పగలగొట్టకుండా ఉంటే చాలు!