సితార తోక చెప్పిన పాఠము

హైదరాబాదు సమీపమున దుండిగల్లులో మన వైమానిక దళపు అకాడమీ కలదు. దేశపు నలుమూలలనుండి వచ్చిన యువతీయువకులు అచట విమానము నడుపుట నేర్చుకొందురు. మొదట చిన్న విమానము, పిదప జెట్టు విమానము. ఈ రెండవ మెట్టునకు చిరకాలము తోడ్పడినది 1964లో తొలిసారి ఎగిరిన 'కిరణ్'. దానికి వార్ధక్యము సమీపింపగా, ఆ స్థానమునకు ఉద్దేశింపబడినది 'సితార'. ఆ ప్రయత్న మేల చిక్కులలో పడినదో నేడు ముచ్చటింతము.

బెంగుళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ నిర్మించిన సితార తొలి నమూనా 2003 మార్చి 7న ఎగిరెను. మొదట ఫ్రెంచి ఇంజను అమర్చిరి. మరింత శక్తి కావలసి రష్యా ఇంజను తెచ్చిరి. 2011 ఏప్రిల్ 28న ఒక నమూనా తమిళనాడులో, తెలుగువారును విరివిగా నివసించు కృష్ణగిరి జిల్లాలో కూలినది. చోదకులు ప్రాణములతో బయటపడిరి. అయినను ఈ విమానమును చిరకాలము ఆపివేసిన చిక్కునకు 'స్పిన్' అని పేరు.

స్పిన్ అననేమి? తూర్పు కనుమల అడవులలో గుగ్గిలపు కాయ రాలుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. రెక్కలు గల ఆ కాయ గిరగిర తిరుగుచు దిగును. విమానము వేగము తగ్గి, ముక్కు మితిమీరి పైకెత్తినపుడు రెక్కలపై గాలి చెదరి, మోయు శక్తి క్షీణించును. ఒక రెక్కపై ముందుగా క్షీణించెనా, విమానము ఆ వైపునకు ఒరిగి, తిరుగుచు పడిపోవును. కాయకు అది మేలు, విమానమునకు ప్రాణాపాయము.

తేరుకొను మార్గము కలదు. తిరుగు దిశకు ఎదురుగా చుక్కానిని మరల్చి, ముక్కును దించవలయును. కాని తోకకు చక్కగా గాలి తగిలినగాని చుక్కాని పనిచేయదు. క్రిందినుండి వచ్చు గాలిని అడ్డుతోకయే మరుగుపరచినచో, నీరు లేనిచోట తెడ్డు వేసినట్లగును.

నేర్చుకొనువాడు తప్పు చేయక మానడు. దానిని దిద్దుకొనుటకు విమానము అవకాశ మీయవలయును. దుండిగల్లులోనే ప్రాథమిక శిక్షణకు వాడిన 'దీపక్' విమానములు, ఇంజను ఆగిపోవుట మొదలగు లోపములచే పలు ప్రాణములు బలిగొనగా, 2009లో వానిని నిలిపివేసిరి. శిక్షణ విమానపు లోపము ఎవరి మెడకు చుట్టుకొనునో దీనివలన తేటపడును.

సితార నిర్మాతలు తుదకు నిలువుతోకను వెనుకకు జరిపి, చుక్కానిని పెంచిరి. 2019లో ఆ విమానము మరల ఎగిరెను. 2022 జనవరి నాటికి కుడియెడమలకు ఆరేసి చుట్లు తిరిగి తేరుకొనగలదని నిరూపించిరి. 2025లో దానికి 'యశస్' అని పేరు మార్చిరి. తొలిసారి ఎగిరి అప్పటికి 22 ఏండ్లు. అప్పటికిని అది విద్యార్థుల చేతికి అందలేదు.

ఈ జాప్యము చిన్నది కాదు. దానివలన కిరణ్ విమానములే బహుకాలము భారము మోయవలసివచ్చెను. అయినను, తోక చక్కబడక మునుపు అందు విద్యార్థిని కూర్చుండబెట్టకుండుట న్యాయమే యని మేము తలంచుచున్నాము.