అమ్మానాన్నల ఇంటికి స్నోబ్లోయర్ కొంటున్నారా? స్పెక్స్ కంటే ముందు ఇవి చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్యలో ఈ స్నోబ్లోయర్ గోల ఏంటి అనుకుంటున్నారా? మన రీడర్స్‌లో అమెరికా, కెనడాల్లో ఉండేవాళ్లు తక్కువేం కాదు. వైటూకే టైమ్‌లో అక్కడికి వెళ్లి సెటిలైన తెలుగువాళ్లలో చాలామంది ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు, కొందరు దాటేశారు కూడా. పిల్లలు ఉద్యోగాల కోసం సియాటిల్‌కో డల్లాస్‌కో వెళ్లిపోతే, న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉన్న ఇంటి ముందు మంచు తీసుకోవాల్సింది ఆ ఇద్దరే. అందుకే చలికాలం రాగానే పిల్లలకు వచ్చే ఆలోచన ఒకటే: "మంచి మెషీన్ ఒకటి ఆర్డర్ పెట్టేద్దాం."

ఆలోచన మంచిదే. కానీ మనం గ్యాడ్జెట్ కొనే పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వెడల్పు, ఎక్కువ పవర్ ఉన్నదే బెస్ట్ అనుకుని కొంటే, అరవై ఐదేళ్ల మనిషి చేతిలో అదే సమస్య అవుతుంది. మెషీన్ బాగా నడుస్తున్నప్పుడు ఎవరైనా నడుపుతారు. అది ఆగిపోయినప్పుడు, ఇరుక్కున్నప్పుడు, స్టార్ట్ కానప్పుడు నాన్నగారు ఒక్కరే ఏం చేయగలరు? అసలు చూడాల్సింది అది. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే.

పార సరిపోదా?

చిన్న లెక్క వేద్దాం. రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే సుమారు 5 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు అనుకోండి. అంటే 50 చదరపు మీటర్లు. దాని మీద 6 అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్ల మంచు పడితే 7.5 ఘనపు మీటర్లు. పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు ఉందనుకుంటే మొత్తం 750 కిలోలు. అదే తడి మంచు 300 కిలోలు ఉంటే 2,250 కిలోలు. పొద్దున్నే గడ్డకట్టే చలిలో రెండు టన్నుల బరువు పారతో ఎత్తి పక్కన పోయాలన్నమాట!

చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, బరువు పనికి బీపీ పెరుగుతుంది. ఈ రెండూ కలిస్తే గుండె మీద భారం. కెనడాలోని క్యూబెక్ డేటాతో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, బాగా మంచు పడిన మర్నాడు మగవాళ్లలో గుండెపోట్లు ఎక్కువగా కనిపించాయి. ఇంకో విషయం, స్నోబ్లోయర్‌ని తోయడం వల్ల కూడా గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరగొచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతోంది. కాబట్టి "మెషీన్ కొనిచ్చాం కదా, ఇక పర్లేదు" అనుకోకండి. గుండె జబ్బు ఉన్నవాళ్లయితే ముందు డాక్టర్‌ని అడగాలి.

రెండు రకాలు, రెండు ప్రపంచాలు

సింగిల్ స్టేజ్: ముందు భాగంలో తిరిగే ఆగర్ మంచుని లాక్కుని, అదే విసిరేస్తుంది. తేలిగ్గా ఉంటుంది, మోడల్‌ని బట్టి సుమారు 20 నుంచి 45 కిలోలు. 6 నుంచి 8 అంగుళాల మంచు వరకు హాయిగా పనిచేస్తుంది. ఆగర్ నేలకు తగులుతుంది కాబట్టి తారు, కాంక్రీట్ నేలలకే బాగుంటుంది. కంకర డ్రైవ్‌వే మీద రాళ్లు ఎగిరిపడతాయి.

టూ స్టేజ్: ఆగర్ మంచుని లోపలికి తెస్తుంది, వెనక ఉన్న ఇంపెల్లర్ అనే ఫ్యాన్ దాన్ని దూరంగా విసురుతుంది. చక్రాలకు కూడా పవర్ ఉంటుంది. ఆగర్ నేలకు కొంచెం పైన తిరుగుతుంది కాబట్టి కింద ఉండే స్కిడ్ షూస్‌ని సర్దుకుంటే కంకర మీద కూడా వాడొచ్చు. కానీ పెట్రోల్ మోడల్ బరువు 100 కిలోల చుట్టూ ఉంటుంది. దాన్ని గరాజ్‌లో వెనక్కి తిప్పడమే ఒక ఎక్సర్‌సైజ్.

ఏది కావాలో ఊరే చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఏడాదికి సగటున 95 అంగుళాల వరకు మంచు పడుతుంది. డెట్రాయిట్‌లో అది దాదాపు 45 అంగుళాలు, సెంట్రల్ న్యూజెర్సీలో ఇంకా తక్కువ. 2022 నవంబర్‌లో బఫెలో దక్షిణ శివార్లలో ఒకే తుపానుకి 6 అడుగుల పైన పడింది. అలాంటి చోట సింగిల్ స్టేజ్ చేతులెత్తేస్తుంది. ఎడిసన్‌లో ఉన్న అమ్మానాన్నలకు వంద కిలోల మెషీన్ మాత్రం అనవసరపు భారం.

ఊరు ఏదైనా ఒకటి గుర్తుంచుకోండి. మనం డ్రైవ్‌వే క్లీన్ చేశాక మున్సిపాలిటీ ప్లౌ ట్రక్ వచ్చి, రోడ్డు మీది మంచునంతా మన గేటు దగ్గర గట్టులా పోసి వెళ్తుంది. ఐస్ గడ్డలు, ఉప్పు కలిసిన గట్టి మంచు అది. తల ప్రాణం తోకకొచ్చేది అక్కడే. రివ్యూ వీడియోల్లో పొడి మంచు ఎగరేయడం కాదు, ఈ గట్టుని ఎలా కోస్తుందో చూడండి.

వెడల్పు ఎంత ఉండాలి?

16 అడుగుల డ్రైవ్‌వేకి 21 అంగుళాల మెషీన్‌తో 10 సార్లు నడవాలి. 24 అంగుళాలైతే 8, 28 అంగుళాలైతే 7. పది మీటర్ల పొడవుకి 21, 28 మధ్య తేడా మూడు రౌండ్లు, అంటే 30 మీటర్ల నడక. దానికోసం ఎంతో బరువున్న మెషీన్ మోయించడం అవసరమా? చాలా ఇళ్లకు 21 లేదా 24 చాలు. 24 తీసుకుంటే మాత్రం సెల్ఫ్ ప్రొపెల్డ్ తప్పనిసరి. పెట్రోల్ టూ స్టేజ్ అయితే మలుపు సులువు చేసే పవర్ స్టీరింగ్ ఉన్నదే చూడండి.

బ్యాటరీనా, పెట్రోలా?

ఇక్కడ మన ఫోన్ల అనుభవం పనికొస్తుంది. ఎంఏహెచ్ చూసి మోసపోయినట్టే ఇక్కడ వోల్టేజ్ చూసి మోసపోతాం. డబ్బా మీద "56 వోల్ట్" అంటే 14 లిథియం సెల్స్‌ని ఒక్కోటి 4 వోల్ట్‌ల లెక్కన కలిపిన గరిష్ఠ అంకె. సెల్ సాధారణ వోల్టేజ్ 3.6 కాబట్టి అసలు అంకె 50.4. అలాగే "40 వోల్ట్" అంటే 36. చూడాల్సింది వాట్ అవర్స్. 40 వోల్ట్, 12 ఏహెచ్ బ్యాటరీ అంటే 432 వాట్ అవర్స్. 56 వోల్ట్, 5 ఏహెచ్ అంటే 252. పెద్ద వోల్టేజ్ అని రెండోది కొంటే సగం డ్రైవ్‌వేలో ఆగిపోవచ్చు.

చలి సంగతి కూడా ఉంది. చల్లబడిన బ్యాటరీ తక్కువ ఎనర్జీ ఇస్తుంది. 0 డిగ్రీల కంటే తక్కువలో చార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం పొరలా పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. కాబట్టి బ్యాటరీ, చార్జర్ రెండూ గరాజ్‌లో కాదు, ఇంట్లో ఉండాలి. ఈగో, ర్యోబి లాంటి బ్రాండ్ల గడ్డి కోసే మెషీన్ అప్పటికే ఇంట్లో ఉంటే, అదే సిరీస్ స్నోబ్లోయర్ తీసుకోండి. ఒక బ్యాటరీ ఎక్స్‌ట్రాగా చేతిలో ఉంటుంది.

పెట్రోల్ మెషీన్‌కి దమ్ము ఎక్కువ, ఇంధనం పోస్తే మళ్లీ నడుస్తుంది. ఏరియన్స్, టోరో లాంటివి పేరున్న బ్రాండ్లే. కానీ వేసవంతా ట్యాంక్‌లో ఉండిపోయిన పెట్రోల్ కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది, ఆయిల్ మార్చాలి, తాడు లాగి స్టార్ట్ చేయాలి. "ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉందిలే" అంటారా? చాలా మోడల్స్‌లో దానికి గోడ ప్లగ్‌కి వైర్ పెట్టాలి. ఆ సాకెట్ గరాజ్‌లో ఎక్కడుందో ముందే కనుక్కోండి. మూసిన గరాజ్‌లో ఇంజిన్ అస్సలు ఆన్ చేయొద్దు, అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

భుజం నొప్పి ఉన్నవాళ్లకు, మెకానిక్ పనులు ఇష్టం లేనివాళ్లకు బటన్‌తో స్టార్ట్ అయ్యే బ్యాటరీ మెషీనే నయం.

జామ్ అయితే చెయ్యి పెట్టొద్దు

ఈ ఆర్టికల్‌లో ఒక్క పేరా మాత్రమే అమ్మానాన్నలకు ఫార్వర్డ్ చేయాలంటే ఇది చేయండి. సున్నా డిగ్రీల దగ్గర పడే తడి మంచు, విసిరే గొట్టంలో అట్టకట్టేస్తుంది. అప్పుడు ఎవరికైనా చెయ్యి పెట్టి లాగేయాలనిపిస్తుంది. ఇంజిన్ ఆపేశాక కూడా, అడ్డు తొలగిన క్షణంలో లోపల బిగుసుకుని ఉన్న ఆగర్ లేదా ఇంపెల్లర్ ఒక్క ఉదుటున తిరగొచ్చు. వేళ్లు పోయేది అలాగే. పద్ధతి ఇది: మెషీన్ ఆపాలి, తాళం లేదా బ్యాటరీ బయటికి తీయాలి, అన్నీ తిరగడం ఆగేదాకా నిలబడాలి, తర్వాత మెషీన్‌తో వచ్చిన ప్లాస్టిక్ కర్రతోనే తీయాలి. గ్లవ్స్ ఉన్నాయి కదా అన్నా సరే, చెయ్యి వద్దు. గొట్టంలో ముందే సిలికాన్ స్ప్రే కొడితే జామ్ అవడం తగ్గుతుంది.

కొనే ముందు షాప్‌లో పది నిమిషాలు

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు వీలైతే వాళ్లనే షాప్‌కి తీసుకెళ్లండి. మీరు పక్కన నిలబడి చూడండి చాలు.

హ్యాండిల్ వాళ్ల ఎత్తుకి సరిపోతోందా? మందపాటి గ్లవ్స్ వేసుకుని లివర్ నొక్కి పట్టుకోగలుగుతున్నారా? వదలగానే ఆగర్ ఆగేలా ఆ లివర్ ఉంటుంది, కాబట్టి పనిచేసినంతసేపూ నొక్కే ఉంచాలి. కీళ్లవాతం ఉన్న చేతులకి అది కష్టం. వంగకుండానే గొట్టం దిశ మార్చగలరా? మెషీన్‌ని ఒక్కరే వెనక్కి లాగి తిప్పగలరా? బ్యాటరీని ఒంటిచేత్తో తీసి పెట్టగలరా? అమ్మ ఒక్కరే ఉండే ఇల్లయితే ఈ టెస్ట్ అమ్మే చేయాలి. ఒక్కదానికి "కాదు" అని వచ్చినా వేరే మోడల్ చూడండి.

మరి ఏది కొనాలి?

న్యూజెర్సీ లాంటి చోట, తారు డ్రైవ్‌వే ఉంటే: 21 అంగుళాల బ్యాటరీ సింగిల్ స్టేజ్. మిషిగన్, టొరంటో లాంటి చోట, గేటు దగ్గర గట్టు పెద్దదైతే: 24 అంగుళాల సెల్ఫ్ ప్రొపెల్డ్ బ్యాటరీ టూ స్టేజ్, ఎక్స్‌ట్రా బ్యాటరీతో. బఫెలో లాంటి చోట, నాన్నగారు ఆరోగ్యంగా ఉంటే: పవర్ స్టీరింగ్ ఉన్న పెట్రోల్ టూ స్టేజ్.

పై షాప్ టెస్ట్‌లో ఏదీ పాస్ కాకపోతే? అప్పుడు మెషీన్ వద్దు. అదే డబ్బుతో లోకల్ ప్లౌ సర్వీస్‌కి సీజన్ మొత్తానికి ముందే కట్టేయండి. మెషీన్ ఉన్నా కూడా భారీ తుపాను రోజుకి ఒక నంబర్ మాట్లాడి పెట్టుకోవడం మంచిది. చాలా ఊళ్లలో మంచు ఆగాక ఇన్ని గంటల్లో ఇంటి ముందు నడకదారి క్లీన్ చేయాలని రూల్ ఉంటుంది. ఫైన్ పడుతుందేమోనన్న కంగారుతోనే పెద్దవాళ్లు తుపాను తగ్గకముందే బయటికి వెళ్తారు.

"నాకేం, నేను చేసుకుంటాలే" అని నాన్నగారు అంటారు. వాదించకండి. డిసెంబర్ రాకముందే ఒక వీకెండ్ వెళ్లి మెషీన్ అసెంబుల్ చేయండి, చార్జర్ ఇంట్లో పెట్టండి, ఆపడం, జామ్ తీయడం ఆయన చేతే రెండుసార్లు చేయించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే పని అక్కడే వదిలేసి 911కి కాల్ చేయాలని అమ్మకి కూడా చెప్పి రండి.