పశువుల కార్జపు జలగయు చెఱువు నత్తయు

వేసవిలో చెఱువు నీరు తగ్గినకొలది అంచున పచ్చగడ్డి మొలచును. మేత కొఱతగల దినములగుటచే రైతులు పశువుల నచటికే తోలుదురు. కొన్ని నెలలకు పశువు చిక్కిపోవును; పాలు తగ్గును; పారుడు పట్టును; దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. ఇది దిష్టి కాదు. కార్జమున చేరిన, ఆకువంటి చదునైన జలగలే దీనికి కారణము. రక్తము పీల్చు నీటిజలగ వేఱు.

1879-80 సంవత్సరములలో ఇంగ్లండున ఈ రోగముచే సుమారు 30 లక్షల గొఱ్ఱెలు నశించెను. అప్పుడు ఆ దేశమున థామసును, జర్మనీలో లాయికర్టును వేర్వేరుగా పరిశోధించి, 1883 నాటికి దీని మర్మమును కనుగొనిరి.

జలగగ్రుడ్లు పేడతో నీటబడి పొదుగును. వెలువడిన పిల్ల యించుమించు ఒక దినములోపల తగిన నత్తను చేరనిచో చచ్చును. చేరినచో దాని దేహమున వందలకొలదిగా వృద్ధియై, మరల నీటిలోనికి వచ్చి, గడ్డిపోచలకును వరి మొదళ్లకును అంటుకొని గట్టిపొరలో దాగియుండును. ఆ మేతతో పశువు కడుపున బడి, ప్రేగును తొలుచుకొని కార్జమును చేరును. నత్త లేనిచో ఈ రోగము వ్యాపింపజాలదు.

కావున పశువులను చెఱువంచున మేపరాదు. అచటి గడ్డిని బాగుగ ఎండబెట్టియే వేయవలెను. నీటిని తొట్టిలో పోసి త్రాగింపవలెను. పేడను దిబ్బలో మాగనీయవలెను. నత్తలను తిను బాతులను పెంచుట మేలు. రోగముతోచిన పశువు పేడను పశువైద్యునిచే పరీక్ష చేయించి మందు త్రాగింపవలెను. మందు త్రాగించి మరల ఆ యంచుననే మేపినచో ఖర్చు వ్యర్థము.