సుగ్గికి పోయే ముందు బడికి ఒకసారి వెళ్లండి

కోసిగి: వానలు మొండిచెయ్యి చూపిన ఏడాది కర్నూలు జిల్లా పశ్చిమ పల్లెల్లో దీపావళి వెళ్లగానే ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని, హొళగుంద మండలాల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరప చేలకు సుగ్గికి బయలుదేరుతాయి. మళ్లీ ఊరి ముఖం చూసేది ఉగాదికో, ఆ తరువాతో. కడుపు కోసం చేసే ఈ ప్రయాణాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఇంటికి వేసిన తాళం పిల్లల చదువుకు కూడా పడుతోంది. పెద్దలు ఆలోచించవలసిన సంగతి ఇది.

బడి జూన్‌లో తెరిస్తే ఏప్రిల్‌లో మూస్తారు. నవంబరులో వెళ్లిన పిల్లవాడు మార్చి ఆఖరుకు తిరిగి వస్తే సగం చదువు పోయినట్టే. కూడికలు నేర్చిన చోట వదిలివెళ్లి, భాగహారాలు చెప్పే చోట వచ్చి కూర్చుంటాడు. పాఠం అర్థం కాదు. అడగాలంటే సిగ్గు. తోటివాళ్లు నవ్వుతారని భయం. మరుసటి ఏడు కూడా ఇలాగే జరిగితే తానే బడి మానేస్తాడు. ‘మావాడికి చదువు అబ్బలేదు’ అని మనం అంటాం. నిజానికి వాడికి చదువు అందలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. చంటిబిడ్డను చూసుకోవడానికని, గుడిసె దగ్గర వంట చేయడానికని తీసుకుపోతారు. అలా ఆగిపోయిన పిల్లకు తొందరలోనే పెళ్లి మాట మొదలవుతుంది. 18 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. పిల్ల బడిలో ఉంటే ఆ మాట ఎత్తేవారే తగ్గుతారు.

వెళ్లక తప్పనివారు ఏం చేయాలి? మొదటి పని, బయలుదేరే ముందు తల్లో తండ్రో బడికి వెళ్లి పంతులుగారితో మాట్లాడడం. ఎన్నాళ్లకు వస్తారో, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో చెప్పాలి. తమ ఫోను నంబరు ఇచ్చి, బడి నంబరు రాయించుకోవాలి. అవ్వాతాతలు ఉంటే పిల్లలను వారి దగ్గర వదలడం మేలు. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్షా తరఫున ఈ ప్రాంతంలో సీజనల్ హాస్టళ్లు నడిపారు. పిల్లలు పగలు బడిలో చదువుకుని, రాత్రి అక్కడే తిని పడుకుంటారు. ఇవి అన్ని ఊళ్లలోనూ ఉండవు. ఎంతమంది పిల్లలు ఉంటారో ముందే తెలిస్తేనే అధికారులు ఏర్పాటు చేయగలరు. కనుక దసరా నాటికే పేర్లు చెప్పాలి. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. బడి మానేసిన పిల్లలను కూడా వాటిలో చేర్చుకుంటారు.

వెంట తీసుకువెళ్లక తప్పకపోతే, వెళ్లిన ఊళ్లోని ప్రభుత్వ బడిలో చేర్చాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఇందుకు దారి చూపింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను ఏడాది మధ్యలో వచ్చారని గాని, టి.సి. ఆలస్యమైందని గాని, వయసు కాగితం లేదని గాని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండరాదు. మేస్త్రీతో లెక్క మాట్లాడుకునేటప్పుడే, దగ్గరలో బడి ఉందా అని కూడా అడగాలి. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం 2016 చట్ట సవరణతో పూర్తిగా నేరమైంది. పిల్లవాడు కోసే నాలుగు కిలోల మిరపకాయలకు వచ్చే డబ్బులు ఎన్నాళ్లు నిలుస్తాయో పెద్దలే లెక్క వేసుకోవాలి.

ఊళ్లో వదిలి వెళ్లినవారు వారానికి ఒక రోజు, ఒకే వేళకు ఫోను చేయాలి. ‘బాగున్నావా’ అని అడిగి పెట్టేయకూడదు. ఈ వారం ఏ పాఠం చెప్పారు, అన్నం తిన్నావా, ఎవరైనా కొడుతున్నారా, రాత్రి నిద్ర పడుతోందా అని అడగాలి. అమ్మానాన్నల మీద బెంగతో పిల్లలు తిండి మానేస్తారు, చదువు మీద మనసు పెట్టలేరు. మాట తగ్గినా, తరచు కడుపునొప్పి అంటున్నా పంతులుగారికి చెప్పాలి. బడిలో కొట్టడం, కించపరచడం చట్టం నిషేధించింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

‘మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం’ అనేవారు చాలామంది. అక్షరం రాని తల్లి కూడా బిడ్డ చదువుకు సాయపడగలదు. పొద్దున్నే ఏదో ఒకటి తినిపించి పంపడం, రాత్రి తొందరగా పడుకోబెట్టడం, సాయంత్రం ఒక గంట ఏ పనీ చెప్పకుండా దీపం దగ్గర కూర్చోబెట్టడం చాలు. పుస్తకంలోని కథ చదివి వినిపించమనాలి. కూలి లెక్క, కొట్టు లెక్క వాడిచేత వేయించాలి. తప్పు చెబితే తిట్టరాదు. బోర్డు మీద అక్షరాలు కనపడడం లేదంటే సోమరితనమని కొట్టక, కళ్లు చూపించాలి. బడిలో ప్రతి వారం ఇచ్చే ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించాలి. ఫిబ్రవరి మాత్ర సుగ్గికి పోయిన పిల్లలకే ఎక్కువగా తప్పిపోతుంది.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతోంది. ఊరు ఖాళీ అయ్యేదాకా ఆగక, దసరాకు ముందే కమిటీ కూర్చోవాలి. ఏ ఇంటివారు వెళుతున్నారు, ఏ పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు అని జాబితా రాసి ప్రధానోపాధ్యాయునికి, మండల విద్యాధికారికి అందజేయాలి. లారీ ఎక్కే రోజున అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.