రేపటి బాసుకి ఏ పాఠం చెప్పాలి?

కాలాడిపేట నుంచి విమ్కో నగర్ దాకా మన వీధుల్లో ఎం.బి.ఏ. చదివే పిల్లలు బాగా ఎక్కువయ్యారు. తాత బాబిన్లు మోశాడు, తండ్రి ఫిట్టరుగా చేశాడు, మనవరాలు ఇప్పుడు మేనేజ్‌మెంట్ ట్రైనీ. సంతోషమే. కానీ ఒక్క సంగతి ఆలోచించాలి. ఇన్నాళ్లూ మనం గేటు బయట టీ తాగుతూ లోపలి మేనేజరు ఎలాంటివాడో చెప్పుకున్నాం. రేపు లోపల కూర్చునేది మన పిల్లలే. కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాళ్ల ఓవర్‌టైము కాగితం మీద సంతకం పెట్టాలా, కొట్టేయాలా అని తేల్చేదీ వాళ్లే. వాళ్ల బుర్రలో ఏ పాఠం ఉందన్నది ఎవరింటి బియ్యం సంచికో సంబంధించిన విషయం.

నేను మిల్లు టైమాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇంట్లో పిల్లల పుస్తకాలు కనిపిస్తే తిరగేయడం నా అలవాటు. ఈ మేనేజ్‌మెంట్ థియరీలన్నీ అలా చదివినవే. కొన్ని చదువుతుంటే నవ్వొచ్చింది, కొన్ని చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఏవి నేర్పాలి, ఏవి పరీక్ష రాసి మర్చిపోవాలి అన్నదాని మీద నా అభిప్రాయం చెబుతాను. ఒప్పుకోని వాళ్లు వచ్చే నెల రాయండి.

మొదట టేలర్. అమెరికావాడు. 1911లో పుస్తకం రాశాడు. స్టాప్‌వాచ్ పట్టుకుని మనిషి పక్కన నిలబడే విద్యకి ఈయనే మూలపురుషుడు. ఆయన చెప్పే పెద్ద ఉదాహరణ బెత్లెహేమ్ ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే ష్మిట్ అనే మనిషిది. అంతకుముందు ఒక్కొక్కరు రోజుకి పన్నెండున్నర టన్నులు మోసేవాళ్లు. టేలర్ చెప్పినట్టు చేసి ష్మిట్ నలభై ఏడున్నర టన్నులు మోశాడు. కూలి 1 డాలరు 15 సెంట్ల నుంచి 1 డాలరు 85 సెంట్లయింది. మన పిల్లలు ఈ లెక్క నోట్సులో రాసుకుని వెళ్లిపోతారు. టైమాఫీసు వాడిని కాబట్టి నేను కాగితం తీసి భాగించాను. మోత దాదాపు నాలుగింతలైంది, కూలి పెరిగింది నూటికి అరవై. మిగిలింది ఎవరికి పోయిందో ట్రైనీ అమ్మాయే చెప్పాలి.

అయినా టేలర్‌ని నేర్పొద్దని అనను. ఆయన పుస్తకంలో మన మేనేజర్లు దాటేసిన మాట ఒకటుంది. అంత బరువు ఎత్తే మనిషి రోజులో నూటికి 43 వంతులే బరువుతో ఉండాలి, మిగతా 57 వంతులు ఖాళీ చేతులతో ఉండాలి అని ఆయన తేల్చాడు. ష్మిట్‌కి ఎప్పుడు ఎత్తాలో చెప్పినట్టే, ఎప్పుడు కూర్చోవాలో కూడా చెప్పారు. మన దాకా వచ్చేసరికి స్టాప్‌వాచ్ మాత్రం ఓడ దిగింది, కూర్చోవడం సముద్రంలో పడిపోయింది.

ఆ కూర్చోవడం గురించే మన పక్కనే జరిగిన కథ ఒకటుంది. అది ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ లేదు.

1918. పెరంబూరులో బిన్నీ వారి బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులు. అప్పటి చట్టం నూలు, బట్టల మిల్లుల్లో మగవాళ్ల చేత రోజుకి 12 గంటల దాకా పని చేయించుకోనిచ్చేది. మధ్యాహ్నం తిండికి అరగంట. ఆ అరగంటలోనే చేతులు కడుక్కోవాలి, తినాలి, మళ్లీ మిషను దగ్గరికి పరిగెత్తాలి. పెరంబూరులో భజనలూ ఉపన్యాసాలూ జరిపే వెంకటేశ గుణామృత వర్షిణి సభ ఉండేది. దాన్ని నడిపిన సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు ఈ బాధ చూసి, అనీబెసెంట్ పత్రిక ‘న్యూ ఇండియా’ ఆఫీసుకి వెళ్లి బి.పి. వాడియాని కలిశారు. ఆ ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతిగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘాల్లో దాన్ని లెక్కపెడతారు. వాళ్లు ముందుగా అడిగిన వాటిలో ముఖ్యమైనది జీతం కూడా కాదు, అన్నం తినడానికి ఇంకొన్ని నిమిషాలు.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1923లో ఫిలడెల్ఫియాలో ఒక నూలు మిల్లుకి ఎల్టన్ మేయో అనే ప్రొఫెసరుని పిలిచారు. మ్యూల్ స్పిన్నింగ్ విభాగంలో మనుషులు నిలవడం లేదు. ఏడాదిలో వంద మంది కావలసిన చోట రెండు వందల యాభై మందిని కొత్తగా తెచ్చుకోవాల్సి వస్తోంది. పక్క విభాగాల్లో ఈ గొడవే లేదు. మేయో చూశాడు. పొద్దస్తమానం పొడుగాటి మిషను వెంట అటూ ఇటూ నడవడం, తెగిన దారం అతకడం, కాళ్ల నొప్పులు, మాట్లాడే తోడు లేకపోవడం. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు పదేసి నిమిషాలు పడుకోనివ్వండి అన్నాడు. మనుషులు నిలిచారు, నూలు పెరిగింది. కొన్నాళ్లకి అర్జంటు ఆర్డరు వచ్చిందని సూపర్వైజర్లు ఆ విరామాలు ఎత్తేశారు. ఉత్పత్తి పడిపోయింది. కంపెనీ పెద్ద కలగజేసుకుని మళ్లీ పెట్టించాక లేచింది.

ఇందుకు మేయోకి పేరొచ్చింది, తర్వాత హార్వర్డులో ఉద్యోగం, హాథార్న్ ఫ్యాక్టరీ పరిశోధనలతో ప్రపంచ ఖ్యాతి. పెరంబూరు వాళ్లు అదే మాట అయిదేళ్ల ముందు చెప్పారు. ప్రొఫెసరు చెబితే థియరీ అన్నారు, పనివాడు చెబితే గొడవ అన్నారు. వాళ్ల మీద కంపెనీ హైకోర్టుకి వెళ్లి యూనియన్ నాయకుల నోరు కట్టించింది. ఆ కేసు రేపిన దుమారం 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం రావడానికి ఒక కారణమైంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించకూడదని, కనీసం అరగంట విరామం ఇవ్వాలని రాశారు. మేయో పాఠం తప్పకుండా నేర్పాలి, కానీ పెరంబూరుతో కలిపి నేర్పాలి. లేకపోతే కాబోయే బాసు ‘నేను దయతో విరామం ఇస్తున్నాను’ అనుకునే ప్రమాదం ఉంది.

అందరూ బోర్డు మీద గీసే మాస్లో పిరమిడ్ గురించి ఎక్కువ చెప్పను. 1943లో ఆయన రాసిన వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు. తర్వాత ఎవరో గీశారు. తిండి తర్వాత భద్రత, ఆ తర్వాత గౌరవం అని మెట్లు కట్టి చూపిస్తారు. నా అనుభవంలో మనిషి ఆకలితో ఉన్నప్పుడు కూడా ముందు గౌరవం కోసమే కొట్లాడతాడు. మెగ్రెగర్ 1960లో రాసిన ఎక్స్, వై సిద్ధాంతం మాత్రం పనికొస్తుంది. మనుషులు సోమరులు, కర్ర లేనిదే కదలరు అనుకునే బాసు ఒకడు. పనిమీద వాళ్లకే ఇష్టం ఉంటుంది, అడ్డం రాకుండా ఉంటే చాలు అనుకునేవాడు ఇంకొకడు. ఎవడు ఏది నమ్మితే వాడి షాపు అలాగే తయారవుతుందని మెగ్రెగర్ అంటాడు. ఇది మన మేస్త్రీలని చూసిన ఎవరికైనా తెలుసు. ఏటేటా అందరికీ ర్యాంకులిచ్చి అడుగున ఉన్న పది శాతాన్ని పంపేయాలనే జనరల్ ఎలక్ట్రిక్ పాఠాన్ని మాత్రం పరీక్ష అయ్యాక చింపి పారేయమంటాను. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే 2013లో తన ర్యాంకుల పద్ధతిని వదులుకుంది.

ఎక్కువసేపు చెప్పాల్సింది అహ్మదాబాదు సంగతి. 1953లో కాలికో మిల్లు. సారాభాయిల మిల్లు అది. కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు వచ్చాయి, ఒక షెడ్డులో 224. మిషను కొత్తదే, గుడ్డ మాత్రం అనుకున్నంత రావడం లేదు. లండను టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే ఆయన వచ్చి చూశాడు. షెడ్డులో పన్నెండు రకాల పనులు. నేసేవాడు వేరు, కండెలు నింపేవాడు వేరు, తెగిన పడుగు సరిచేసేవాడు వేరు, నూనె వేసేవాడు, ఊడ్చేవాడు వేరు. ఒక్కొక్కరికి అప్పగించిన మగ్గాల సంఖ్య ఒక్కో రకం. అందువల్ల ఈ మగ్గాలు మావి అనుకునే జట్టే లేదు. దారం తెగితే ఎవరికోసం ఎవరు పరిగెత్తాలో తెలియదు. టేలర్ విద్య తు.చ. తప్పకుండా పాటించిన షెడ్డు అది.

కొన్ని మగ్గాలని ఒక చిన్న జట్టుకి మొత్తంగా అప్పగిస్తే ఎలా ఉంటుంది అని రైస్ ఒక మాట వేశాడు. ఆ తర్వాత ఆయన చెయ్యాల్సింది పెద్దగా మిగల్లేదు. సూపర్వైజర్లూ కార్మికులూ ఆ ఆలోచనని పట్టుకుని, ఎవరు ఎవరితో చేరాలో వాళ్లే తేల్చుకున్నారు. మొదట్లో కొంచెం తడబాటు. తర్వాత గుడ్డ పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. చదువు రాని కూలీలకి బాధ్యత ఇస్తే ఏమవుతుందో అని భయపడేవాళ్లకి ఇంతకంటే జవాబు ఏం కావాలి? రైస్ 1958లో దీన్ని పుస్తకంగా వేశాడు. ప్రపంచమంతా చదివారు. మన పిల్లల సిలబస్‌లో మాత్రం ఒక్క పేరా ఉంటే గొప్ప.

అసలు పాఠం దాని తరువాయిలో ఉంది. 1970లో ఎరిక్ మిల్లర్ వెళ్లి మళ్లీ చూశాడు. ఒక షెడ్డులో జట్టు పద్ధతి ఇంకా నడుస్తోంది. మిగతా చోట్ల పాత దారికే వెళ్లిపోయింది. బజారు మారి ఒత్తిడి పెరగ్గానే పై నుంచి తొందరపెట్టే చేతులు ఎక్కువయ్యాయి.

మగ్గం నుంచే పుట్టిన ఇంకో పాఠం జపానుది. సకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గం దారం తెగితే తనంతట తనే ఆగిపోయేది. పాడు గుడ్డ నేయదు, మనిషి కళ్లు కాయలు కాసేలా చూడక్కర్లేదు. ఆ పేటెంటు హక్కుల్ని 1929లో ఇంగ్లండు ప్లాట్ బ్రదర్స్‌కి అమ్మారు. తర్వాత టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తైఇచి ఓనో అదే ఆలోచనని మనిషికి ఇచ్చాడు. తప్పు కనిపిస్తే ఎవరైనా తాడు లాగి లైను ఆపొచ్చు. ఓనో కూడా మొదట టొయోడా నూలు మిల్లులో చేరినవాడే. మన పాడిలో సుందరం క్లేటన్ బ్రేకుల విభాగానికి 1998లో డెమింగ్ ప్రైజు వచ్చింది, దేశంలో అదే మొదటిది. ఆ డెమింగ్ గట్టిగా చెప్పింది కూడా పనివాడి మనసులోంచి భయం తీసేయమనే. నేను చూసిన ఒక చోట మిషను ఆపినవాడికి మెమో ఇచ్చేవారు. అందుకని ఎవరూ ఆపేవారు కాదు. చెడిపోయిన సరుకు నెలాఖరున లెక్కలో తేలేది.

చివరిగా మన తెలుగాయన ఒకరు, వి.వి. గిరి. రాష్ట్రపతిగా అందరికీ తెలుసు. అంతకు ముందు రైల్వే కార్మిక సంఘాలు కట్టినవాడు. కోర్టులకీ ట్రిబ్యునళ్లకీ పరిగెత్తకుండా యజమాని, కార్మికుడు ఎదురుబొదురు కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టు. ‘గిరి విధానం’ అని దానికి పేరే వచ్చింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డుని ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేశారు. హెచ్.ఆర్. చదివే పిల్లలు ఆయన్ని చదవాలి. ఎదుటివాడు లేచి వెళ్లిపోకుండా కూర్చోబెట్టడం కూడా ఒక విద్యే కదా.

మా తమ్ముడి కూతురు ఈ ఏడు రెండు నెలలు ఒక ఫ్యాక్టరీలో ప్రాజెక్టు చేసింది. అంశం ఏదైనా తీసుకోమన్నారట. “పెదనాన్నా, నువ్వు చెప్పిన పెరంబూరు సంగతే తీసుకున్నా” అంది. క్యాంటీన్ దగ్గర వారం రోజులు నిలబడి కాంట్రాక్టు వాళ్ల భోజనం టైము రాసింది. గేటు దగ్గర తనిఖీ, చేతులు కడిగే కుళాయి దగ్గర వరస, టోకెను, ప్లేటు. అరగంటలో నోట్లో ముద్ద పెట్టుకోవడానికి మిగిలింది పదకొండు నిమిషాలు. రెండో కుళాయి వరస, ఇంకో టోకెను కౌంటరు పెడితే ఖర్చెంతో కూడా లెక్క వేసి ఇచ్చింది. కాలేజీలో మంచి మార్కులు వేశారు. కంపెనీ వాళ్లు చూస్తామన్నారు. పోయిన వారం ఫోన్ చేసి అడిగితే, కుళాయిలు వేస్తున్నారట, కౌంటరు సంగతి ఇంకా తేలలేదట.