లక్షణము తప్పిన లక్ష్యము

వ్యాకరణము చదివినవారికి లక్షణము, లక్ష్యము అను మాటలు కొత్తవి కావు. సూత్రము లక్షణము, ప్రయోగము లక్ష్యము. రెండును పొసగనిచోట ఏమి చేయవలెను? ఈ చిక్కు కంప్యూటరు విద్యలోను కలదు.

సమాచారమును దాచు పరికరమునకును, కంప్యూటరును నడపు లినక్స్ వంటి వ్యవస్థకును నడుమ డ్రైవరు అను ప్రోగ్రాము దుబాసివలె మెలగును. ఆ సంభాషణకు నియమములు ఏర్పరచిన వాటిలో ఎన్‌వీఎంఈ యొకటి. అది 2011లో వెలువడినది. దాని ప్రకారము ఒక్కొక్క ఆజ్ఞకు 64 బైట్ల చోటు. పరికరపు నిర్వహణకు ఒక వరుస, చదువుట వ్రాయుటలకు వేరు వరుసలు. ఆరవ తరగతిలో ఒక ఐదవ నంబరు, ఏడవ తరగతిలో మరియొక ఐదవ నంబరు ఉన్నట్లే, ఏ వరుస సంఖ్యలు ఆ వరుసవే.

ఆపిల్ సంస్థ 2018లో టీ2 చిప్పుతో వెలువరించిన మాక్ కంప్యూటర్లలోని పరికరము ఈ నియమములను పాటింపలేదు. చదువు వ్రాతల వరుసలో ఆజ్ఞకు 128 బైట్లు కోరినది. లెక్క చూడుడు: మొదటి ఆజ్ఞ చోటు ఇరువురికి నొకటే. రెండవదానిని డ్రైవరు 64వ బైటు కడ ఉంచును. పరికరము 128వ బైటు కడ వెదకును. సంఖ్యలలోను చిక్కే. రెండు తరగతుల పిల్లలను ఒకచోట చేర్చి "ఐదు" అని పిలిచిన ఇద్దరు లేతురు గదా! అట్లే రెండు వరుసలలో ఒకే సంఖ్య ఒకేసారి ఉండుటను ఆ పరికరము సహింపదు.

ఇది చిన్న విషయము కాదు. తప్పుచోట వ్రాసిన సమాచారము అంతకుముందు అచ్చటనున్నదానిని మాపివేయును. అది ఒకరి జీవితకాలపు కృషి కావచ్చును.

2019లో బెంజమిన్ హెరెన్‌ష్మిట్ ఈ పరికరమునకై లినక్స్ డ్రైవరును సవరించెను. నిర్వహణకు కేటాయించిన సంఖ్యలను రెండవ వరుస వాడకుండ చేసిరి. ఆజ్ఞకు 128 బైట్లిచ్చిరి. అయితే అందరికిని కాదు. పరికరపు గుర్తింపు సంఖ్యను చూచి, దానికి మాత్రమే ఈ మినహాయింపు. అందరికిని వర్తింపజేసిన, నియమమును పాటించు పరికరములు చెడును.

మంచి వైయాకరణుని మార్గమును ఇదియే. ఒక్క ప్రయోగమునకై సూత్రమును చెరపడు. సూత్రము మీది మమకారముచే ఎదుటనున్న ప్రయోగమును లేదనడు. అపవాదమును దాని పేరుతో, దాని మేరకు వ్రాసిపెట్టును. గ్రంథమేమి చెప్పినదో చదువుట విద్యలో సగము. వస్తువేమి చేయుచున్నదో పరీక్షించుట తక్కిన సగము.